ఎర్ర ఊలు దారం

పోయిన వారం మనం ఈ ఇంటి ముందుగదిలోంచి బయటికొచ్చేసరికి కంప్యూటరు బల్ల మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. వీధి చివరి రిపేరావిడ తన సంచీ విప్పుతోంది. కోడలు గుమ్మం పట్టుకుని, ఇంట్లో ఎవరికో జబ్బు చేసినట్టు మొహం పెట్టి నిలబడి ఉంది. మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం, చదివీ మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్దాం.

ఈ ఇంటి మామగారు ముప్ఫై నాలుగేళ్ళు బస్సు కండక్టరు. కిక్కిరిసిన బస్సులో ముందు మెట్టు మీద నిలబడి మాట్లాడితే వెనక సీటు దాకా వినపడే గొంతు ఆయనది. రిటైరయ్యాక ఆ గొంతుని ఊరికే ఉంచలేక, చూపులేని వాళ్ళ లైబ్రరీకి పుస్తకాలు చదివి రికార్డు చేసి ఇస్తున్నారు. ప్రతి అధ్యాయానికీ ముందు "రైట్ రైట్" అంటారు, చివర "హోల్డాన్" అంటారు. పాత అలవాటు, పోదు. ఆ రెండు మాటలూ కత్తిరించి, దగ్గులూ తడబాట్లూ తీసేసి, ఫైళ్ళు వరసగా పేర్చేది కోడలు. మధ్యాహ్నాలు ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తుంది. ఉదయాలు మామగారి గొంతుతో గడుపుతుంది.

ఇప్పుడు చదువుతున్నది ముప్ఫై ఒక్క అధ్యాయాల నవల. ఇరవై ఏడు అయ్యాయి, నాలుగు మిగిలాయి. ఆ నాలుగు దగ్గరే వచ్చిపడింది చిక్కంతా. మామగారి గొంతులో చిన్న కాయ పెరిగింది, సరిగ్గా తొమ్మిది రోజుల్లో ఆపరేషన్. ప్రాణానికేం ఢోకా లేదుగానీ, తర్వాత గొంతు ఇలాగే ఉంటుందని మాత్రం మాటివ్వలేనన్నారు డాక్టరు. అప్పటిదాకా రోజుకి నలభై నిమిషాలే మాట్లాడాలి. మిగతా వేళంతా నోటికి తాళం. అందుకని ఆయన మెడలో పలక వేలాడదీసుకుని, జేబులో బలపం పెట్టుకుని తిరుగుతున్నారు. ఇలాంటి సమయంలో కంప్యూటరు నెల రోజులుగా రికార్డింగ్ మధ్యలో టక్కున ఆగిపోతోంది. చదివినదంతా గాల్లో కలిసిపోతోంది. ఆ రోజు నలభై నిమిషాలూ దండగ.

ఇంకొక్క సంగతి గుర్తుపెట్టుకోండి, ఇవాళ పనికొస్తుంది. పదకొండేళ్ళ కిందట, పెళ్ళికి వారం ముందు, కోడలి నాన్నకి ఒక ఉత్తరం వెళ్ళింది. "మీ అమ్మాయి ఆ ఇంట్లో ఇమడలేదు. ఇప్పుడే మానుకుంటే అందరికీ మంచిది." అంతే, టైపు కొట్టిన రెండు ముక్కలు. సంతకం లేదు, కవరు మీద మాత్రం ఈ వీధి పోస్టాఫీసు ముద్ర. పెళ్ళయితే ఆగలేదు. రాసింది అత్తగారే అని కోడలు అప్పుడే తేల్చేసుకుంది. ఒకసారి మొహం మీదే అడిగేసింది కూడా. అత్తగారు అవుననలేదు, కాదనలేదు, అల్లుతున్న వరస కూడా ఆపలేదు. అప్పట్నుంచి "మామయ్యా, మామయ్యా" అని రోజుకి యాభైసార్లు పిలిచే కోడలు, అత్తగారితో మాట్లాడాల్సొస్తే గోడకి చెప్పినట్టు చెబుతుంది. "కాఫీ పెట్టాను" అంటుంది. ఎవరికి పెట్టిందో గోడే తెలుసుకోవాలి.

సరే, ఇక ముందుగదిలోకి పదండి.

"ఆ జాబితా ఏదో ఇటివ్వమ్మా" అంది రిపేరావిడ. యాభై దాటిన మనిషి, కళ్ళద్దాలు తాడుకి కట్టి మెడలో వేసుకుంది. జాబితా పెద్ద షోరూమువాళ్ళు రాసిచ్చింది. ఆవిడ దాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని చదివింది. "బోర్డు, ప్రాసెసరు, ర్యామ్, డిస్కు, పవర్ సప్లై, క్యాబినెట్టు, కీబోర్డు, మానిటరు కూడానా! ఏమమ్మా, ఇందులో పాతది ఏం మిగుల్తుంది?"

"మౌసు" అంది కోడలు.

"దాన్నయినా బతకనిచ్చారు, నయం." కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. "మీ ఇంటాయనేమంటారు?"

కోడలి భర్త రైలు డ్రైవరు. ఆదివారాల్లో తప్ప ఇంట్లో కనపడడు. "కొత్తది కొనేద్దాం అంటున్నారు. ఫోన్లో ఆయనకి అంతా తేలికే. నా భయమల్లా ఒకటేనక్కా. కొత్తది వస్తే మా రికార్డింగ్ సాఫ్ట్‌వేరు దాని మీద నడుస్తుందా?"

"ఆ పాత సాఫ్ట్‌వేరా? నడవచ్చు, మొరాయించొచ్చు. మొరాయిస్తే రెండు రోజులు పడుతుందో, నాలుగు రోజులు పడుతుందో నా చేతిలో లేదు."

"మాకున్నవి తొమ్మిది. ఒక్కో అధ్యాయానికి రెండు రోజులు. అంటే ఎనిమిది పోగా ఒక్కటే మిగులు." కోడలు వేళ్ళు మడిచి లెక్కపెట్టి మరీ చెప్పింది, అక్కడికి రిపేరావిడకి తీసివేతలు రావన్నట్టు. "మార్చకపోతే రోజూ మధ్యలో ఆగిపోతుంది. మారిస్తే అసలు మొదలే కాకపోవచ్చు. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి."

"ఎందుకు ఆగుతోందో తెలీకుండా మార్చమనీ చెప్పను, వద్దనీ చెప్పను. డాక్టరు కూడా ముందు నాలిక చూపించమంటాడుగా." రిపేరావిడ కంప్యూటర్ని లేపి నిలబెట్టింది. "ఇది ఎవరు కూర్చున్నప్పుడు ఆగుతోంది?"

"ఎవరంటే... మామయ్య చదివేటప్పుడు."

"నువ్వు కూర్చున్నప్పుడు?"

కోడలు కంప్యూటరు వైపు చూసింది. తను రోజూ దాని ముందు రెండు మూడు గంటలు కూర్చుంటుంది. ఈ నెలంతా తన చేతిలో అది ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంత సంగతి ఇన్నాళ్ళూ తట్టనే లేదేమిటా అని తన తెలివిని తనే తిట్టుకుంది. "మైకు తగిలిస్తే బరువవుతోందేమో అనుకున్నానక్కా" అంది చిన్నగా.

"మైకు ఏం బరువమ్మా, దోమ వాలినంత." రిపేరావిడ పక్క రేకు మీద వేలు పెట్టి తోసింది. రేకు సర్రున జరిగొచ్చింది. "మరలు ఏవీ? రెండూ లేవు. ఎవరో తరచుగా తీస్తున్నారు దీన్ని."

"మా ఇంట్లో దాన్ని ముట్టుకునేవాళ్ళే లేరు."

కిటికీ పక్క కుర్చీలో అత్తగారు కూర్చుని అల్లుతోంది. ఎర్ర ఊలు స్వెట్టరు, రెండో చెయ్యి సగంలో ఉంది. తలెత్తలేదు.

రిపేరావిడ స్విచ్చి వేసింది. లోపల ఫ్యాను గుర్రుమని లేచింది. కంప్యూటరుకి పదేళ్ళు, దాని గురక మాత్రం అరవై ఏళ్ళవాడిది. లైబ్రరీలో పుస్తకాలు సరిచూసే ఆవిడ రెండు నెలల కిందట ఫోన్ చేసి, "మీ మామగారు బాగా చదువుతున్నారమ్మా, కానీ వెనకాల పిండిమర ఆడుతున్నట్టుంది" అన్నది ఈ గురక గురించే. మామగారు ఆ మాట వింటే చిన్నబుచ్చుకుంటారని కోడలు దాన్ని కడుపులోనే దాచుకుంది. ఒక్కో అధ్యాయం ముందేసుకుని, ఆ హోరంతా తీసేస్తూ కూర్చునేది. ఈ నెలలో ఎందుకో ఫైళ్ళలో హోరు లేదు. మైకుకి కొత్తగా తొడిగిన స్పాంజి మహిమ అనుకుని మురిసిపోయింది పిచ్చిది.

రిపేరావిడ టార్చి వేసి లోపలికి చూసింది. చూస్తూ చూస్తూ "హవ్వ" అంది.

"ఏమైందక్కా? బోర్డు కాలిందా?"

"ఇలా రా."

కోడలు వంగి చూసింది. ఫ్యాను నుంచి బోర్డుకి వెళ్ళే సన్నటి తీగ ఉంది. ఆ తీగ చివర, బోర్డుకి గుచ్చుకునే బుడిపె దగ్గర ఒక దారం కట్టి ఉంది. రెండు ముళ్ళు, గట్టిగా, పద్ధతిగా. ఆ దారం లోపలి నుంచి వెనక రేకు కన్నంలోకి దూరి బయటికొచ్చి, బల్ల కింద నుంచి మామగారు కూర్చునే కుర్చీ దాకా పాక్కుంటూ వెళ్ళింది. రిపేరావిడ ఆ కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. తీగ ఊడొచ్చింది. ఫ్యాను తిరిగి తిరిగి ఆగిపోయింది.

గదంతా నిశ్శబ్దం. కిటికీ అవతల ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు కూడా స్పష్టంగా వినపడింది.

"ఇదమ్మా నీ కంప్యూటరు జబ్బు" అంది రిపేరావిడ. "ఫ్యాను పీకేసి పని చేయిస్తే కాసేపు ఓర్చుకుంటుంది. పావుగంటో ఇరవై నిమిషాలో అయ్యాక ఒళ్ళు కాలిపోయి, ఇక నా వల్ల కాదని ఆరిపోతుంది. ఎవరో గానీ లాగడానికి దారం కట్టారు, మళ్ళీ పెట్టడానికి రేకు తీస్తున్నారు."

కోడలు ఆ దారాన్నే చూస్తోంది. ఎర్ర దారం. ఊలు దారం. అది ఈ ఇంట్లో ఒక్కరి బుట్టలోనే ఉంటుంది. పదకొండేళ్ళ కోపం కిందనుంచి పైకి ఒక్కసారిగా పొంగుకొచ్చింది. గోడకి కాదు, ఈసారి సూటిగా అత్తగారి వైపు తిరిగింది.

"ఎందుకు చేశారిలా?"

అత్తగారు వరస చివరి దాకా అల్లి సూది మార్చుకుంది. "నేనే చేశాననుకో" అంది.

"అనుకోవడమేమిటి? ఊలు మీదే కదా! మామయ్య గొంతు ఎన్నిసార్లు దండగయిందో తెలుసా? ఒక్కో అధ్యాయం మూడేసిసార్లు చదివారాయన. మీరు ఆ కుర్చీలోనే కూర్చుని అంతా చూస్తూ..." కోడలు ఆ దారం కొస ఎత్తి చూపించింది. "నా మీద కోపముంటే నా మీద చూపించండి. ఆయన పుస్తకం ఏం చేసింది?"

అత్తగారు ఏదో అనబోయింది. అప్పుడు వెనక గది తలుపు ధడేలుమంది.

మామగారు ఉప్పునీళ్ళు పుక్కిలించడానికి వెళ్ళినవారు, మీసాలకి నీళ్ళు కారుతుండగా పరుగులాంటి నడకతో వచ్చారు. పలక రెండు చేతులా ఎత్తి పట్టుకున్నారు. దాని మీద ఇంకో అక్షరానికి చోటు లేనంత పెద్దగా, "నేను" అని ఉంది.

కోడలికి అర్థం కాలేదు. ఆయన పలకని వేలితో టకటకా కొట్టి, దారాన్ని చూపించి, తన గుండె మీద చెయ్యి వేసుకున్నారు. సందేహం తీరలేదేమోనని గాల్లో చెయ్యెత్తి తాడు లాగినట్టు లాగి చూపించారు. బస్సులో పైన వేలాడే బెల్ తాడు! అది చూసి రిపేరావిడకి నవ్వాగలేదు. ముప్ఫై నాలుగేళ్ళు తాడు లాగి బస్సుని ఆపిన మనిషికి, ఫ్యానుని ఆపాలంటే తాడు కట్టడం తప్ప ఇంకేం తోస్తుంది చెప్పండి.

"మామయ్యా! మీరా? ఎందుకు?"

మామగారు మోచేత్తో పలక తుడిచి గబగబా రాశారు. "నీ మెడ."

"నా మెడేమిటి?"

ఆయన నిస్సహాయంగా అత్తగారి వైపు చూశారు. నీళ్ళు నమలడానికి నోరైనా ఉండాలిగా, ఆయనకి అదీ లేదు. అత్తగారు నిట్టూర్చింది.

"నెల కిందట నువ్వు ఫోన్లో మావాడితో అన్నావట. హోరు తియ్యడానికి ఒక్కో దానికి రెండేసి గంటలు పడుతోంది, మెడ తిప్పలేకపోతున్నాను అని. ఈయన విన్నారు. ఆ మర్నాడు నా బుట్టలోంచి దారం తెంపారు. ఊలు నాదే. ముడి మాత్రం నాది కాదు."

కోడలు కుర్చీలో కూలబడింది. ఆయన బాధపడతారని తను చెప్పలేదు, తను బాధపడుతోందని ఆయన చెప్పకుండా ఈ పని చేశారు. మధ్యలో నలిగి చచ్చింది కంప్యూటరు. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కొంచెం కొంచెం చేసింది.

"బాబాయిగారూ," అంది రిపేరావిడ నడుం మీద చేతులేసుకుని, "మీ బస్సు రేడియేటరు గొట్టం పీకేసి, ఆహా చప్పుడు తగ్గిందే అని సంబరపడేవారా?"

మామగారు కాస్త ఆలోచించి రాశారు. "అది డ్రైవరు చూసుకోవాలి."

ఈసారి అత్తగారు కూడా నవ్వింది. కోడలు కళ్ళు తుడుచుకుంటూ ఆ నవ్వు చూసింది. చూడగానే మనసులో ఏదో కలుక్కుమంది. ఇందాక తను ఎన్నేసి మాటలంది! ఆవిడ ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు.

"మీరు కాదని చెప్పొచ్చుగా" అంది. "చెయ్యని పని మీ మీద ఎందుకు వేసుకున్నారు?"

"అలవాటు" అంది అత్తగారు, మళ్ళీ అల్లిక అందుకుంటూ.

ఆ మాట అక్కడ ఆగి ఉండాల్సింది. కానీ మామగారి చేతిలో బలపం చటుక్కున విరిగింది. ఆ ముక్క కోసం ఆయన నేల మీద చాలాసేపు వెతికారు, కళ్ళ ముందే ఉన్నా.

రిపేరావిడకి ఇవేం పట్టలేదు. ఆవిడ చెవి కంప్యూటరుకి ఆనించి ఉంది. "సంతోషపడింది చాలుగానీ, ఇది వినండి" అంది. అందరూ చెవులు రిక్కించారు. ఫ్యాను తీగ ఆవిడ మళ్ళీ పెట్టేసింది, ఇప్పుడు ఆ గురక కింద ఇంకో చప్పుడు ఉంది. టిక్కు... టిక్కు... కాసేపాగి మళ్ళీ టిక్కు.

"ఇది హార్డ్ డిస్కు. తిరిగే చక్రం. పని మధ్యలో పుటుక్కున ఆరిపోయిన ప్రతిసారీ దీనికి దెబ్బే. ఇన్ని దెబ్బలు తిని ఇంకా తిరుగుతోందంటే మంచితనమే. ఎంతసేపు తిరుగుతుందో మాత్రం చెప్పలేను."

కోడలు కుర్చీలోంచి లేచింది. "అధ్యాయాలన్నీ అందులోనే ఉన్నాయక్కా! ఇరవై ఒకటి దాకా పెన్‌డ్రైవ్‌లో వేశాను. మిగతా ఆరూ అందులో మాత్రమే ఉన్నాయి."

"అయితే విను. బోర్డు బాగుంది. ప్రాసెసరు ఇంత మాడినా బతికే ఉంది. వాటి జోలికి పోవద్దు, పోతే నీ సాఫ్ట్‌వేరుతో తంటా. నేను మూడే మారుస్తాను. ఈ గురక ఫ్యాను తీసేసి పెద్ద రెక్కలది పెడతా, అది మెల్లగా తిరుగుతుంది, నోరు లేదు దానికి. ర్యామ్ ఇంకో ముక్క గుచ్చుతా, పక్క గాడి ఖాళీగానే ఉంది, నీ ఫైళ్ళు చకచకా తెరుచుకుంటాయి. ఈ డిస్కు స్థానంలో ఎస్ఎస్‌డీ పెడతా. దానికి తిరిగే చక్రం ఉండదు, చప్పుడు ఉండదు. మూడూ నా సంచీలో ఉన్నాయి. మధ్యాహ్నానికి అయిపోతుంది. ముందు మాత్రం ఉన్నదంతా కొత్త దాంట్లోకి కాపీ చెయ్యాలి, ఇది కన్ను మూసేలోపల. చెయ్యమంటావా, మీ ఆయన్ని అడుగుతావా?"

కోడలు షోరూము జాబితా వైపు చూసింది. ఫోను వైపు చూసింది. అక్కడెక్కడో రైలు నడుపుతున్న మనిషిని ఇప్పుడు ఫోన్లో అడిగితే మళ్ళీ "కొత్తది కొనేద్దాం" అంటాడు. చివరికి మామగారి వైపు చూసింది. ఆయన పలక ఎత్తారు. "నువ్వే డ్రైవరు."

"చెయ్యండక్కా" అంది కోడలు.

కొత్త డిస్కు తగిలించి, తారీఖుల వరసలో కాపీ మొదలుపెట్టింది రిపేరావిడ. తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా పాకుతోంది. కోడలు దాని ముందు గుడ్లప్పగించి కూర్చుంది. అధ్యాయం పది. పదిహేను. ఇరవై. ఇరవై ఒకటి. మామగారు ఆమె వెనక నిలబడ్డారు. అత్తగారు ఎప్పుడొచ్చిందో కాఫీ గ్లాసు తెచ్చి కోడలి మోచేతి పక్కన పెట్టింది.

గీత ఆగింది.

టిక్కు, టిక్కు, టిక్కు. చప్పుడు పెరిగింది. రిపేరావిడ కళ్ళద్దాలు పైకి లాక్కుని తెర మీద పేరు చదివింది. "ఇదేమిటి, అధ్యాయం కాదే. 'అమ్మాయికి' అని ఉంది. ఇరవై ఒకటికీ ఇరవై రెండుకీ మధ్య రోజున రికార్డు చేసింది. తొమ్మిది నిమిషాలు."

"అమ్మాయికా?" కోడలు వెనక్కి తిరిగింది. మామగారు ఆమెని అలాగే పిలుస్తారు. ఆయన మొహం పాలిపోయింది.

"ఇక్కడే చెడిపోయింది డిస్కు" అంది రిపేరావిడ. "దీన్నే పట్టుకుని లాగితే రావచ్చు. లాగుతుంటే మొత్తం పోవచ్చు, వెనకున్న ఆరు అధ్యాయాలతో సహా. దీన్ని వదిలేస్తే ఆ ఆరూ ముందు లాగేస్తాను. కానీ తర్వాత మళ్ళీ దీని దగ్గరికొచ్చేసరికి డిస్కు ఉండదు, నాకు తెలుసు. తొందరగా చెప్పమ్మా."

మామగారు పలక మీద రాసి చూపించారు. "వదిలెయ్."

"ఏముంది మామయ్యా అందులో?"

ఆయన పలక తుడిచారు. బలపం ఆనించారు. ఏమీ రాయకుండా మళ్ళీ తుడిచారు.

"పోనీ మళ్ళీ రికార్డు చెయ్యండి. ఇవాళ నలభై నిమిషాలూ ఇంకా వాడలేదుగా, తొమ్మిది నిమిషాలేగా."

ఈసారి రాశారు. "ఎదురుగా చెప్పలేకే అందులో చెప్పా. ఆపరేషన్ అయ్యాక విందువని."

టిక్కు, టిక్కు. రిపేరావిడ వేలు మౌసు మీద ఉంది. కోడలు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఇరవై రెండు నుంచి ఇరవై ఏడు. ఒక్కోటి మూడేసిసార్లు చదివిన గొంతు. వాటికోసం కాచుకుని కూర్చున్న చూపులేని మనుషులు. తనకోసం చెప్పి దాచిన తొమ్మిది నిమిషాలు.

"వదిలెయ్యండక్కా, ఆ ఆరూ లాగండి" అంది. తర్వాత లేచి, మామగారి మెడలోంచి పలక తాడు తీసి బల్ల మీద పెట్టింది. "పెట్టెకి చెప్పిన మాట నాకు చెప్పలేరా? పదకొండేళ్ళు మీ గొంతు దగ్గరే కూర్చున్నాను. చెప్పండి మామయ్యా."

అత్తగారు చేతిలో అల్లిక ఒళ్ళో పెట్టేసింది. "వద్దండీ" అంది నెమ్మదిగా. "డాక్టరు ఏమన్నారు? ఆ నలభై నిమిషాలూ పుస్తకానికే అన్నారు."

మామగారు ఆవిడ మాట వినలేదు. రోజూ చదివే కుర్చీలోనే కూర్చున్నారు. రోజూలాగే భుజాలు సర్దుకున్నారు. మైకు వైపు చూడలేదు, పుస్తకం వైపు చూడలేదు, ఎదురుగా ఉన్న కోడలి వైపు తప్ప.

"రైట్... రైట్" అన్నారు. గొంతు గరగరలాడింది. "అమ్మాయ్. మీ నాన్నగారికి వెళ్ళిన ఆ ఉత్తరం... డిపో ఆఫీసులో టైపు కొట్టింది. కొట్టింది నేను. మీ అత్తయ్య కాదు."

కోడలు ఒకడుగు దగ్గరికి జరిగింది.

"తనకి ఆ సంగతి పెళ్ళయ్యాకే తెలిసింది. నువ్వు తనని నిలదీసిన రోజు నేను గుమ్మం అవతలే ఉన్నా. నోరు విప్పుతుందేమో అనుకున్నా. విప్పలేదు. అప్పటికే నువ్వు నన్ను మామయ్యా అని పిలవడం మొదలుపెట్టావు. అది పోతుందని... నేనూ విప్పలేదు."

"ఇప్పుడెందుకండీ ఇవన్నీ!" అత్తగారి గొంతులో మొదటిసారి కోపం వినిపించింది. "పదకొండేళ్ళు మోశాను. ఇంకో తొమ్మిది రోజులు మొయ్యలేనా?"

కోడలు మెల్లగా కిటికీ వైపు తిరిగింది. ఆ ఎర్ర ఊలు బుట్ట, ఆ కుర్చీ, ఆ నెరిసిన తల. పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించే ఈ మనిషిని ఇన్నేళ్ళూ ఏమని పిలవాలో తెలియనట్టు గోడలతో మాట్లాడింది. ఇందాక కూడా అంతేసి మాటలంది.

"అత్తయ్యా" అంది.

అత్తగారు ఉలిక్కిపడినట్టు చూసింది. చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టింది, అవి శుభ్రంగానే ఉన్నా.

కోడలు మళ్ళీ మామగారి వైపు తిరిగింది. కోపం వస్తుందేమోనని చూసుకుంది. తన మెడ నొప్పి పుడుతోందని దారం కట్టిన మనిషి మీద అంత కోపం ఎక్కణ్ణుంచి తేవాలో తెలియలేదు. "ఎందుకు మామయ్యా? నన్నప్పటికి ఒక్కసారే చూశారు కదా మీరు. ఎందుకు రాశారు?"

మామగారు తలాడించారు, అసలు సంగతి అదే అన్నట్టు. ఊపిరి నిండా పీల్చుకున్నారు. నోరు తెరిచారు.

గాలి వచ్చింది. మాట రాలేదు.

ఆయన ఆశ్చర్యంగా గొంతు తడుముకున్నారు. మళ్ళీ ప్రయత్నించారు. మెడ నరాలు తేలాయి, పెదవులు కదిలాయి. ముప్ఫై నాలుగేళ్ళు బస్సు చివరి సీటు దాకా వెళ్ళిన గొంతు, రెండడుగుల దూరంలో ఉన్న కోడలి దాకా రాలేదు.

"ఆరూ వచ్చేశాయమ్మా" అంది వెనకనుంచి రిపేరావిడ, ఇటు తిరక్కుండానే. "ఇరవై ఏడూ భద్రం." ఆ వెంటనే డిస్కు ఒక్కసారి గట్టిగా టిక్కుమని ఊరుకుంది.

ఇంకా నాలుగున్నాయి. కోడలి కళ్ళు ఆ మాటే అన్నాయి, మామగారి కళ్ళు కూడా. ఆయన పలక కోసం బల్ల మీద చెయ్యి చాచారు. దాన్ని అందుకుని బలపం ఆనించారు.

అత్తగారు లేచింది. ఒళ్ళోంచి ఊలు ఉండ జారి నేల మీద దొర్లుకుంటూ పోయింది, పట్టించుకోలేదు. ముందు భర్త చేతిలోంచి పలక తీసేసుకుంది. "చాలు. ఇక ఒక్క అక్షరం రాయొద్దు, ఒక్క మాట మాట్లాడొద్దు. లేవండి అక్కణ్ణుంచి."

మామగారు లేచారు. ఆ కుర్చీలో అత్తగారు కూర్చుంది. పాదాలు నేలకి సరిగ్గా ఆనలేదు, ఆయన ఎత్తుకి సర్దిన కుర్చీ అది. చీర కుచ్చెళ్ళు సర్దుకుని, మైకు తన వైపు తిప్పుకుంది. పక్కనే తెరిచి ఉన్న నవల వైపు ఒకసారి చూసింది, కోడలి వైపు ఒకసారి చూసింది.

"కూర్చో అమ్మాయ్. ఈయన ఎందుకు రాశారో నేను చెప్తాను. అదయ్యాక ఇరవై ఎనిమిదో అధ్యాయం సంగతి చూద్దాం." అని భర్త వైపు తిరిగి, గొంతు సవరించుకుంది. "ముందు రైట్ రైట్ అనాలా, అక్కర్లేదా?"